తాతగారి డబుల్ బారెల్: గొట్టాలు అసలువేనా, తర్వాత మార్చినవా?

కోనసీమ_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా తాతగారి నుంచి నాన్నగారికి, ఇప్పుడు నాకు వస్తున్న 12 బోర్ డబుల్ బారెల్ గురించి అడుగుదామని ఈ పోస్ట్ పెడుతున్నా. లైసెన్స్ నాన్నగారి పేరు మీద ఉంది, ఆయనకి వయసు మీద పడింది, నా పేరుకి మార్పించుకోవడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. తుపాకీ బాక్స్‌లాక్, హ్యామర్లు లోపలే ఉండే రకం. రిబ్ మీద, అంటే రెండు గొట్టాల మధ్య పొడుగునా ఉండే పట్టీ మీద, "పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్" అని చెక్కి ఉంది, అందుకే మా ఇంట్లో ముందు నుంచీ దీన్ని ఓర్ కంపెనీ తుపాకీ అనే అంటారు. ఇప్పుడు విషయం ఏంటంటే, గొట్టాల కింద ఉన్న నంబర్ ఐదంకెలది, ట్రిగ్గర్ గార్డ్ మీద ఉన్నది నాలుగంకెలది. రెండింటికీ ఎక్కడా పొంతన లేదు. లైసెన్స్‌లో రాసి ఉన్నది గొట్టాల మీది నంబర్. ఇది గమనించినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. గొట్టాలు ఎప్పుడో మార్చారా? మారిస్తే ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇనుప_పెట్టె:
ముందు ఒక్క మాట, దాన్ని తోమకండి. బ్రాసో, ఎమరీ కాగితం, స్టీల్ పీచు ఏదీ దగ్గరికి రానివ్వొద్దు. మీకు కావలసిన సమాచారమంతా వెంట్రుకవాసి లోతున్న ముద్రల్లో ఉంది, ఒక్కసారి పాలిష్ పడితే పోతుంది. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, గొట్టాల కింద ముందు చెయ్యి పట్టుకునే ఫోరెండ్ చెక్క ఊడదీసి, గొట్టాలు వేరు చేయండి. గొట్టాలు తిరగేస్తే వెనక చివర చదునుగా ఒక భాగం ఉంటుంది, ఫ్లాట్లు అంటారు. యాక్షన్ మీద, అంటే గొట్టాలు వచ్చి కూర్చునే నడుమ ఇనుప భాగం మీద కూడా, దానికి సరిగ్గా ఎదురుగా అలాంటి చదును ఉంటుంది. రెండింటినీ మెత్తటి గుడ్డకి కాస్త నూనె రాసి తుడిచి, ఆరాక చాక్‌పీస్ పొడి రుద్దండి. పొడి ముద్రల్లోనే నిలుస్తుంది. టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయండి, ఎదురుగా వేస్తే మెరుపు తప్ప ఏం కనపడదు. ఫోరెండ్ లోపలి ఇనుప ముక్క మీద నంబర్ ఉందేమో కూడా చూడండి. నంబర్లు ఇక్కడ పెట్టేటప్పుడు చివరి అంకెలు కొట్టేయండి.

విజయనగరం_వాసు:
ఓర్ కంపెనీ అంటే మద్రాసు మౌంట్ రోడ్డులో గడియారపు మేడ ఉంది కదా, వాళ్లే. పేరున్న కంపెనీ. అది ఒరిజినల్ ముక్కే అయి ఉంటుంది, కంగారు పడకండి. మా వైపు పాత ఎస్టేట్ల ఇళ్లలో ఓర్ కంపెనీ తుపాకులు చూశాను, కోస్తా జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి సరుకంతా అక్కడి నుంచే వచ్చేది.

ఇనుప_పెట్టె:
వాసు గారు, మద్రాసు నుంచి రావడం నిజమే. కానీ ఓర్ వాళ్లు గడియారాలు, నగలు అమ్మే షాపు. తుపాకులు బర్మింగ్‌హామ్‌లో చేయించి, తమ పేరు చెక్కించి అమ్మేవారు. కలకత్తాలో మాంటన్, రోడ్డా, లయాన్ అండ్ లయాన్ లాంటి కంపెనీల పేర్లతో వచ్చిన సరుకులోనూ చాలా భాగం అక్కడ తయారైందే. కాబట్టి రిబ్ మీద పేరు ఎవరు అమ్మారో చెబుతుంది గానీ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పదు. ఇంకో సంగతి, రిబ్ గొట్టాలకే అతికి ఉంటుంది. గొట్టాలు వేరే తుపాకీవి అయితే ఆ పేరు కూడా ఆ వేరే తుపాకీదే. అందుకే పేరు పక్కన పెట్టి ముద్రలు చూద్దాం అంటున్నా.

కోనసీమ_అబ్బాయి:
చాక్‌పీస్ ఉపాయం బాగా పనిచేసింది సార్, ఇన్నాళ్లూ గీతల్లా కనిపించినవి ఇప్పుడు బొమ్మల్లా వచ్చాయి. కనపడింది కనపడినట్టు రాస్తున్నా. గొట్టాల ఫ్లాట్ల మీద, రెండు వైపులా: కిరీటం కింద బి.పి., కిరీటం కింద బి.వి., కిరీటం కింద ఎన్.పి. ఒక డైమండ్ గడిలో 12, దాని కింద సి. విడిగా 13, దాని కింద చిన్న గీత, గీత కింద 1. "చోక్" అనే మాట ఎడమ గొట్టం మీద మాత్రమే ఉంది. యాక్షన్ మీద మాత్రం ఇవేవీ లేవు. అక్కడ రెండు కర్రలు అడ్డంగా వేసినట్టు ఒక గుర్తు, పైన కిరీటం, పక్కన వి అనే అక్షరం. ఫోరెండ్ ఇనుము మీద నాలుగంకెల నంబర్, ట్రిగ్గర్ గార్డ్ మీద ఉన్నదే.

మిడ్‌లాండ్స్_తెలుగోడు:
ఇంత పద్ధతిగా రాశారు కాబట్టి నేనూ వివరంగానే రాస్తా. నేనుండేది బర్మింగ్‌హామ్‌కి దగ్గర్లో. ఈ ముద్రలు కొట్టిన ప్రూఫ్ హౌస్ ఇంకా బాన్‌బరీ స్ట్రీట్‌లో అదే భవనంలో నడుస్తోంది, 1813లో పార్లమెంటు చట్టంతో పెట్టారు. లండన్‌ది ఇంకా పాతది, గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో చార్టర్ వచ్చింది. అమ్మే ప్రతి తుపాకీనీ మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర కొడతారు. తయారీదారు తన ఇష్టమొచ్చిన పేరు చెక్కుకోవచ్చు గానీ ఈ ముద్ర అతని చేతిలో లేదు. అందుకే పాత తుపాకీ గురించి ఎవరు ఏ కథ చెప్పినా నేను ముందు తిరగేసి చూసేది ఫ్లాట్లనే.

మీరు అడ్డంగా వేసిన కర్రలు అన్నవి రాజదండాలు. కిరీటం పెట్టిన ఆ రాజదండాల ముద్ర బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి 1904 దాకా నడిచింది. ఒక దానికి బి.పి.సి. అక్షరాలు, ఒక దానికి వి. 1904లో నిబంధనలు మారి రాజదండాలు పోయాయి, కిరీటం కింద బి.పి., బి.వి. వచ్చాయి. ఎన్.పి. అంటే నైట్రో ప్రూఫ్, అంటే పాతకాలపు నల్ల తుపాకిమందుకే కాకుండా పొగలేని మందుకి కూడా పరీక్షించారని. 1896 నుంచి అది అక్షరాల్లో "నైట్రో ప్రూఫ్" అని కొట్టేవారు, 1904 నుంచి ఈ పొట్టి రూపం. డైమండ్‌లో 12 సి అంటే 12 బోర్ చాంబర్ (తూటా కూర్చునే గది), ఆ గుర్తు 1887 నుంచి ఉంది. 1925 నిబంధనలు వచ్చాక చాంబర్ పొడవు కూడా అంగుళాల్లో కొట్టడం మొదలైంది. మీ గొట్టాల మీద పొడవు లేదు.

కలిపి చూడండి. మీ యాక్షన్ 1904కి ముందుది. గొట్టాలు 1904కి, 1925కి మధ్య ప్రూఫ్ అయినవి. నాలుగంకెల నంబర్ ట్రిగ్గర్ గార్డ్ మీదా, ఫోరెండ్ మీదా ఒకటే ఉంది, గొట్టాల మీద మాత్రమే వేరేది. నా లెక్క ప్రకారం ఆ గొట్టాలు ఆ యాక్షన్‌తో పుట్టలేదు.

వరంగల్_12బోర్:
అన్నా, ఒక డౌట్. పాత గొట్టాలనే తర్వాత మళ్లీ ప్రూఫ్‌కి పంపి ఉండొచ్చు కదా. నల్ల తుపాకిమందు కాలం తుపాకీని 1904 తర్వాత నైట్రో ప్రూఫ్ చేయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు కూడా గొట్టాల మీద కొత్త ముద్రలు, యాక్షన్ మీద పాత ముద్రలు ఉంటాయి. ముద్రల తేదీ తేడా ఒక్కటి చూసి మార్చేశారు అనుకోవడం తొందరే అవుతుంది.

మిడ్‌లాండ్స్_తెలుగోడు:
మంచి డౌట్ తమ్ముడూ, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మళ్లీ ప్రూఫ్ చేసినప్పుడు పాత ముద్రల్ని చెరపరు. పాతవి అలాగే ఉంటాయి, వాటి పక్కనో మీదో ఇరుక్కుని కొత్తవి పడతాయి. 1870ల్లో చేసిన గొట్టాన్ని 1910లో మళ్లీ ప్రూఫ్ చేస్తే రాజదండాలూ ఉంటాయి, ఎన్.పి. కూడా ఉంటుంది, ఫ్లాట్ కిక్కిరిసిపోయి ఏది ఏదో విడదీయడానికి కళ్లు కాయలు కాస్తాయి. ఇక్కడ కోనసీమ గారు చెప్పిన దాని ప్రకారం గొట్టాల మీద ఒక్క రాజదండం కూడా లేదు. పాత ముద్ర అసలు లేకుండా కొత్తవి మాత్రమే ఉన్నాయంటే, ఆ గొట్టాలు మొదటిసారి ప్రూఫ్ అయిందే 1904 తర్వాత. ఎవరైనా పాతవి ఆకురాయితో గీకేసి ఉంటే ఫ్లాట్ మీద పల్లం కనపడాలి, ఫ్లాట్ యాక్షన్‌కి ఆనకుండా సందు రావాలి. కోనసీమ గారూ, ఒక స్కేలు అంచు ఫ్లాట్ల మీద పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి, సందులోంచి వెలుగు వస్తుందా?

ఇంకో అనుమానం కూడా మీరే అడిగే లోపు చెప్పేస్తా. మార్చడం రెండు రకాలు. అసలు కంపెనీకి పంపి కొత్త గొట్టాలు చేయించడం ఒకటి. అలా చేస్తే కొత్త గొట్టాల మీద తుపాకీ పాత నంబరే వేస్తారు. పెద్ద కంపెనీలైతే రిజిస్టరులో కూడా రాసుకునేవారు, అలాంటి తుపాకీకి గౌరవం ఏమీ తగ్గదు. రెండోది ఎక్కడో పాడైన ఇంకో తుపాకీ గొట్టాలు తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టడం. మీ గొట్టాల మీద వేరే నంబర్ ఉంది కాబట్టి నాకు రెండోదే అనిపిస్తోంది.

వరంగల్_12బోర్:
సరే అన్నా, పాత ముద్ర ఒక్కటన్నా మిగలాలి అన్న పాయింట్ పట్టుకున్నా. ఇది అర్థమైంది.

కర్నూలు_శీను:
ఈ చర్చ చూసి నాదీ అడుగుతున్నా, సందర్భం అదే కాబట్టి. మా మేనమామ తుపాకీ, లైసెన్స్ ఆయనదే. పక్క పలకల మీద "డబ్ల్యూ. రిచర్డ్స్" అని పెద్ద అక్షరాలతో ఉంది. వెస్ట్‌లీ రిచర్డ్స్ అని, లక్షల్లో పలుకుతుందని ఒకాయన అన్నాడు. గొట్టాల మీద మెలికలు తిరిగిన డమాస్కస్ డిజైన్ ఉంది. కింద ముద్ర చూస్తే ఒక కోడిగుడ్డు ఆకారంలో ఈ.ఎల్.జి. అని, కింద చిన్న నక్షత్రం. బి.పి., జి.పి. లాంటి ఇంగ్లీషు ముద్రలు ఏమీ లేవు. గొట్టాలు మార్చినవా?

ఇనుప_పెట్టె:
శీను గారు, మార్చినవి కాకపోవచ్చు. ఆ తుపాకీ మొత్తం బెల్జియంది. గుడ్డు గీతలో ఈ.ఎల్.జి. నక్షత్రం లీజ్ నగరం ప్రూఫ్ హౌస్ ముద్ర. ఆ గుడ్డు పైన కిరీటం ఉందా లేదా చూడండి. 1893 నుంచి కిరీటం చేర్చారు, లేకపోతే దానికంటే ముందుది. స్తంభం లాంటి సన్నటి గుర్తు కూడా ఉండొచ్చు, అది లీజ్ ఊరి చిహ్నం, పెరాన్ అంటారు. సింహం బొమ్మ కింద పి.వి. ఉంటే పొగలేని మందుకి పరీక్షించినట్టు. లీజ్‌లో ఆ కాలంలో ఇంగ్లీషు పెద్ద కంపెనీల పేర్లకి దగ్గరగా ఉండే పేర్లు చెక్కి ప్రపంచమంతా అమ్మారు, "రిచర్డ్స్" పేరుతో వచ్చినవి కోకొల్లలు. అసలు వెస్ట్‌లీ రిచర్డ్స్ అయితే బ్రిటిష్ ప్రూఫ్ ముద్ర ఉండి తీరాలి. యాక్షన్ మీద కూడా ఈ.ఎల్.జి. ఉందో లేదో చూడండి. యాక్షన్ మీద బ్రిటిష్ ముద్ర, గొట్టాల మీద మాత్రమే లీజ్ ముద్ర ఉంటే అప్పుడు గొట్టాలు మార్చారనాలి.

డమాస్కస్ సంగతి. అసలుదైతే ఇనుము, ఉక్కు కడ్డీలు కలిపి పురిపెట్టి, ఆ పట్టీని గొట్టంలా చుట్టి కొలిమిలో అతికిస్తారు. ఆ పని చేసే పల్లెలు లీజ్ పక్కన వెస్డ్ర్ నది లోయలో వరసగా ఉండేవి, ఇంగ్లీషు కంపెనీలు కూడా అక్కడి నుంచి గొట్టాలు కొనేవి. పురి గొట్టం లోహంలోనే ఉంటుంది కాబట్టి రంగు అరిగినా డిజైన్ పూర్తిగా పోదు. చౌక సరుకులో మామూలు గొట్టం మీద పైపైన డిజైన్ వేసి అమ్మినవీ ఉన్నాయి. ఫోరెండ్ తీసి, చెక్క కింద దాగి ఉన్న చోటా, రిబ్ అంచుల దగ్గరా చూడండి. పైన డిజైన్ ఉండి ఆ చాటు భాగంలో లేకపోతే అనుమానించాలి.

కర్నూలు_శీను:
యాక్షన్ మీద కూడా అదే గుడ్డు ముద్ర ఉంది. కిరీటం లేదు. చెక్క కింద కూడా డిజైన్ కంటిన్యూ అవుతోంది. మామయ్యకి ధర ఎంతని కాదు, ఏంటో తెలిస్తే చాలన్నారు. థాంక్స్ సార్.

కోనసీమ_అబ్బాయి:
స్కేలు పెట్టి చూశాను, ఫ్లాట్లు సమంగానే ఉన్నాయి, వెలుగు రాలేదు. కానీ ఈ గొడవలో ఇంకోటి కనిపించింది. యాక్షన్‌లో గొట్టాలు వచ్చి ఆనే నిలువు గోడ ఉంటుంది కదా, దాని పైభాగంలో సరిగ్గా మధ్యన ఒక చిన్న దీర్ఘచతురస్రం గీసినట్టు ఉంది. దగ్గరగా చూస్తే అది గీత కాదు, ఒక గాడిలో వేరే ఇనుప ముక్క దించి సమం చేశారు. ఆ ముక్క రంగు కొంచెం తెల్లగా ఉంది. దానికి సరిగ్గా పక్కన, యాక్షన్ ఎడమ భుజం మీద గుండ్రంగా, బఠాణీ గింజ కంటే చిన్న చుట్టు ఒకటి ఉంది. చెక్కిన ఆకుల డిజైన్ ఆ చుట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయి, అవతల మళ్లీ మొదలైంది. మధ్యలో నున్నగా ఉంది. ఇదేంటి?

మిడ్‌లాండ్స్_తెలుగోడు:
ఇంకేం కావాలి, రుజువు దొరికింది. కొన్ని తుపాకుల్లో రిబ్ వెనక్కి నాలుకలా పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ నాలుక యాక్షన్ గోడలో గాడిలోకి దిగుతుంది. నాలుకకి ఒక రంధ్రం, మూత వేయగానే పక్క నుంచి గుండ్రటి కడ్డీ ఆ రంధ్రంలోంచి దూరి గొట్టాల్ని బిగించి పట్టుకుంటుంది. గ్రీనర్ క్రాస్‌బోల్ట్ అని పేరు. బర్మింగ్‌హామ్‌లో డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ మొదలుపెట్టింది, తర్వాత ఊరంతా చేసింది. మీ యాక్షన్‌కి అది ఉండేది. మీరు చూసిన దీర్ఘచతురస్రం ఆ గాడి, పక్కన గుండ్రటి చుట్టు ఆ కడ్డీ దూరే రంధ్రం. తెచ్చిపెట్టిన గొట్టాలకి ఆ నాలుక లేదు కాబట్టి రెండింటినీ ఇనుముతో పూడ్చేశారు. చెక్కుడు తెగిపోయింది అన్నారు చూడండి, పూడ్చిన తర్వాత చెక్కించే ఓపికో ఖర్చో లేకపోయింది. ఏ కంపెనీ తన తుపాకీకి తానే కొత్త గొట్టాలు చేస్తే నాలుక లేకుండా చేయదు. ఇది వేరే తుపాకీ గొట్టాలు తెచ్చి ఇక్కడే ఎవరో చేసిన పని.

అంటే మీ ఇంట్లో ఓర్ కంపెనీ తుపాకీ అనుకుంటున్న దాంట్లో ఓర్ వాళ్ల పేరుతో వచ్చింది గొట్టాలు మాత్రమే. ఆ యాక్షన్, ఆ చెక్క పేరు తెలియని బర్మింగ్‌హామ్ తయారీదారుడివి, గొట్టాల కంటే పాతవి.

కొలిమి_వారసుడు:
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నా. మా నాన్న, తాత తుపాకీ రిపేరు లైసెన్స్‌తో షాపు నడిపారు, ఇలాంటి పని చేతిలో చూసినవాణ్ణి, కొంచెం చెప్తా. వేరే గొట్టాలు కూర్చోబెట్టేటప్పుడు అసలు కష్టం కొక్కెం దగ్గర. గొట్టాల కింద ఉన్న దిమ్మకి ముందు వైపు అర్ధచంద్రంలా కోత ఉంటుంది, అదే యాక్షన్‌లో ఉన్న హింజ్ పిన్‌ని పట్టుకునే కొక్కెం. వేరే తుపాకీ కొక్కెం ఈ పిన్‌కి సరిగ్గా కూర్చోదు, వదులుగా ఉంటే వెనక గోడకీ గొట్టాలకీ మధ్య సందు వస్తుంది. అప్పుడు ఆ అర్ధచంద్రం లోపల ఒక పల్చటి ముక్క పెట్టి ఇత్తడితో అతికి, ఆకురాయితో కొంచెం కొంచెంగా రాకుతూ, దీపం మసి పట్టించి ఎక్కడ ఆనుతోందో చూస్తూ సరిచేస్తారు. ఓపికున్న పనివాడు చేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కోనసీమ బాబూ, ఆ అర్ధచంద్రం అంచున పసుపు రంగు గీత ఏమైనా ఉందా చూడు. తర్వాత ఫోరెండ్ చెక్క తీసేసి గొట్టాలు మాత్రం బిగించి, తుపాకీ ఖాళీగా ఉండగానే, వెనక చెక్క పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడు. ఫోరెండ్ ఉంటే దాని స్ప్రింగు వదులుని దాచేస్తుంది, అందుకే తీసి చూడాలి. ఆ తర్వాత గొట్టాలు విడిగా తీసి, కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి చెక్క స్పూనుతో తట్టు. గుడి గంటలా సాగాలి శబ్దం. టక్కుమని ఆగిపోతే రిబ్ టంకం ఎక్కడో వదిలిందని.

కోనసీమ_అబ్బాయి:
బాబాయ్ గారూ, ఉంది. అర్ధచంద్రం లోపల అంచు పొడుగునా సన్నటి ఇత్తడి గీత, ఇన్నేళ్లూ మురికి కింద ఉండిపోయింది. ఫోరెండ్ తీసి కదిపితే చాలా కొద్దిగా టిక్ టిక్ మంటోంది. తట్టితే శబ్దం సాగింది, కానీ కుడి గొట్టం వైపు కొంచెం జీరగా ఉంది.

కొలిమి_వారసుడు:
జీర అంటే రిబ్ కింద ఎక్కడో టంకం విడిపోయి తేమ చేరుతోంది. నూనె లోపలికి పోసి పరీక్షలు చేయకు. లైసెన్స్ ఉన్న మంచి గన్‌స్మిత్‌కి చూపించు.

తుని_మెకానిక్:
ఇంత చర్చ ఎందుకు బ్రదర్. గొట్టాల మీద నంబర్ నున్నగా గీకేసి, ట్రిగ్గర్ గార్డ్ మీద ఉన్న నాలుగంకెల నంబర్ పంచ్ కొట్టించెయ్, లేదా అటుది ఇటు. మూడు చోట్లా ఒకటే నంబర్ అయిపోతుంది, ఆఫీసులో ఎవరూ అడగరు. మా దగ్గర లెటర్ పంచ్‌లు ఉన్నాయి.

బెజవాడ_వకీలు:
దయచేసి అది చేయొద్దు, ఆలోచన కూడా చేయొద్దు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 8 చదవండి. తుపాకీ మీద ఉన్న పేరు, నంబర్, గుర్తు ఏదైనా చెరపడం, తీసేయడం, మార్చడం, నకిలీది కొట్టడం నిషేధం. ఇంకా ఘోరం ఏంటంటే, చెరిపిన గుర్తున్న తుపాకీ మీ దగ్గర దొరికితే మీరే చెరిపారని చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించాల్సిన భారం మీ మీద పడుతుంది. ఇప్పుడు కోనసీమ గారి చేతిలో ఉన్నది ఎవరో పూర్వం నిజాయితీగా రిపేరు చేసిన తుపాకీ, ఆయన తప్పేమీ లేదు. ఒక్క పంచ్ దెబ్బతో అది నేరం అవుతుంది. పైగా లైసెన్స్‌లో రాసింది గొట్టాల నంబరే కదా, దాన్ని గీకితే లైసెన్స్‌కీ తుపాకీకీ ఉన్న ఒకే ఒక్క లింకు తెగిపోతుంది.

పాతది కాబట్టి లైసెన్సే అక్కర్లేదని చెప్పేవాళ్లు కూడా ఉంటారు, వినకండి. సెక్షన్ 45లో పురాతన ఆయుధాలకి మినహాయింపు ఉంది గానీ, అది రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడడానికి పనికిరాని వాటికే. మీది పనిచేసే 12 బోర్.

ఇనుప_పెట్టె:
వకీలు గారి మాటకి నేను ఒకటి కలుపుతా. చట్టం లేకపోయినా సరే ఆ పంచ్ కొట్టకూడదు. ఇవాళ మనం ఇక్కడ ఇంత తెలుసుకోగలిగామంటే, ఆ రెండు నంబర్లూ ఆ రాజదండాలూ ఎవరూ ముట్టుకోకుండా వదిలేయడం వల్లే. ఆ గాడి పూడ్చినవాడు కూడా ముద్రల్ని కదపలేదు. నంబర్లు కలిసేలా చేసిన తుపాకుల్ని నేను చూశాను, అంకెల చుట్టూ పల్లం, అంకెల అంచులు కొత్తగా పదునుగా, ఒక అంకె వాలుగా. చూసిన ఎవరికైనా ఇక ఆ తుపాకీలో ఏ మాటనీ నమ్మబుద్ధి కాదు.

వరంగల్_12బోర్:
నాకు ఇంకో చిన్న ప్రశ్న. మా దోస్తు దగ్గర ఒక తుపాకీ గొట్టాల మీద వెనక నుంచి రెండు మూడు అంగుళాల దూరంలో చుట్టూ సన్నటి ఉంగరం గీత ఉంది. అది కూడా మార్పిడేనా?

మిడ్‌లాండ్స్_తెలుగోడు:
దాన్ని స్లీవింగ్ అంటారు. పాత గొట్టాల వెనక భాగం, దిమ్మ అలాగే ఉంచి, ముందు భాగం కోసేసి కొత్త ట్యూబులు లోపలికి దించి అతికిస్తారు. అతుకు గీతే ఆ ఉంగరం. బ్రిటిష్ ప్రూఫ్ అయితే "స్లీవ్డ్" అనే మాట గొట్టం మీద కొట్టి తీరాలి. ముద్రల్లో కిరీటం కింద బి.ఎన్.పి. ఉంటే 1954 తర్వాతి బర్మింగ్‌హామ్ ప్రూఫ్. గీత ఉండి, ఆ మాట లేక, కొత్త ముద్రా లేకపోతే పని చేసిన తర్వాత ప్రూఫ్ జరగలేదని అర్థం. ఆ తుపాకీ పేల్చొద్దని చెప్పండి.

విజయనగరం_వాసు:
కోనసీమ గారిది పేల్చొచ్చా మరి? ప్రూఫ్ ఉంది కదా, అది కూడా నైట్రో.

మిడ్‌లాండ్స్_తెలుగోడు:
పేల్చొద్దు, కారణాలు చెప్తా. ప్రూఫ్ అయింది ఆ గొట్టాలు తమ సొంత యాక్షన్‌తో ఉన్నప్పుడు. ఈ యాక్షన్‌తో, బోల్ట్ పూడ్చేసిన ఈ జోడీని ఎవరూ పరీక్షించలేదు, పరీక్షించి ఉంటే యాక్షన్ మీద కూడా కొత్త ముద్ర పడేది. ఇక 13 కింద 1 అన్న ముద్ర, అది ప్రూఫ్ నాటి బోర్ కొలత, .719 అంగుళం. తర్వాతి మెట్టు 12, అంటే .729. గొట్టం లోపల వెనక నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర ఇప్పుడు కొలిస్తే .729 గేజ్ దూరిపోతే, అరిగో తుప్పు రాకిందో ఆ ప్రూఫ్ ఇక చెల్లదు. మూడోది చాంబర్. ఆ కాలం 12 బోర్ గొట్టాలు ఎక్కువగా రెండున్నర అంగుళాలవి, 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు చాలావరకు 70 మిల్లీమీటర్లు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టి చాంబర్‌లో కూడా సుఖంగా దూరుతుంది, అందుకే జనం మోసపోతారు. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుని ముందున్న ఇరుకు భాగంలోకి పొడుచుకొస్తుంది, గుళ్లు వెళ్లే దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. నూరేళ్లు దాటిన గొట్టం, ఇత్తడి అతుకు పెట్టిన కొక్కెం, పోయిన బోల్ట్, వదులైన రిబ్. ఇన్ని ఉన్నప్పుడు చెయ్యి, కన్ను పణంగా పెట్టే పని కాదు.

కోనసీమ_అబ్బాయి:
పేల్చే ఉద్దేశం మాకు ఏనాడూ లేదండీ, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకోవడం తప్ప అది బీరువా దాటదు. నాన్నగారికి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. తాతగారు ఒకసారి తుపాకీ మద్రాసు పంపి చాలా నెలలు తెప్పించుకోలేదని ఆయన చిన్నప్పుడు ఇంట్లో అనుకునేవారట. ఎందుకు పంపారో ఆయనకి తెలియదు. గొట్టాలు అప్పుడే మారాయని గట్టిగా చెప్పలేను, కానీ నాన్నగారు ఆ ఇత్తడి గీత చూపించమని అడిగి చాలాసేపు చూశారు. తుపాకీ మా తాతగారిదే, అది ఏ రెండు తుపాకుల నుంచి వచ్చినా మాకు విలువ తగ్గదు. ఇప్పుడు వకీలు గారిని ఒకటే అడగాలి. కలెక్టర్ ఆఫీసులో పెట్టే దరఖాస్తులో ఈ రెండు నంబర్ల సంగతి నేనే చెప్పాలా, అడిగితే చెప్పాలా?

బెజవాడ_వకీలు:
మీరే చెప్పండి, రాతపూర్వకంగా, దరఖాస్తుతో పాటే. వారసత్వ పత్రాలకి ఒక విడి ఉత్తరం జత చేయండి. అందులో లైసెన్స్‌లో నమోదైన ఐదంకెల నంబర్ గొట్టాల మీద ఉందని, ట్రిగ్గర్ గార్డ్, ఫోరెండ్ మీద నాలుగంకెల నంబర్ ఉందని, ఇవి పూర్వం గొట్టాలు మార్చినందువల్ల వచ్చిన తేడా అని తెలిసినవారి అభిప్రాయమని, ఏ గుర్తునీ మీ కుటుంబం మార్చలేదని రాయండి. రెండు నంబర్లూ లైసెన్స్‌లో నమోదు చేయమని కోరండి. చాక్‌పీస్ వేసి తీసిన ఫోటోలు ప్రింట్ తీసి, ప్రతి ఫోటో వెనక నాన్నగారి సంతకం పెట్టించండి. ఉత్తరం రెండు కాపీలు, ఒకదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. తుపాకీ తనిఖీకి తెమ్మంటే లైసెన్స్ ఒరిజినల్‌తో నాన్నగారినే వెంట తీసుకెళ్లండి, లైసెన్స్ మీ పేరు మీదకి వచ్చేదాకా దాన్ని మీరు ఒంటరిగా మోసుకెళ్లకూడదు.

కోనసీమ_అబ్బాయి:
సరేనండి. ఉత్తరం రాసి, నంబర్లు కొట్టేసిన కాపీ ఇక్కడ పెడతాను, ఒకసారి చూసి చెప్పండి. శీను గారూ, మీరు కూడా మీ మామయ్య గారి లైసెన్స్‌లో ఏ నంబర్ రాసి ఉందో ఇప్పుడే చూసుకోండి.